మద్రాసులో అచ్చు, ఆంధ్రదేశంలో చదువు: ఆంధ్రపత్రిక చరిత్ర

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, మిత్రులకు, వెనక వరుసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఒక నగరంలో పుట్టిన దినపత్రిక చరిత్ర చెప్పమని నిర్వాహకులు అడిగారు. నేను మద్రాసును, ఆంధ్రపత్రికను ఎంచుకున్నాను. దినపత్రిక అంటే మనకు తెలిసిన పద్ధతి ఒకటుంది. ఏ ఊళ్ళో అచ్చవుతుందో ఆ ఊళ్ళోనే ముందుగా అమ్ముడవుతుంది, ఆ ఊరి కుళాయిలు, కోర్టులు, సినిమాహాళ్ళ గురించి రాస్తుంది, ఆ ఊరి వ్యాపారుల ప్రకటనలతో బతుకుతుంది. ఆంధ్రపత్రికకు ఈ పద్ధతి వర్తించదు. అది మద్రాసులో అచ్చయ్యేది. దానికోసం ఎదురుచూసినవాళ్ళు నెల్లూరులో, గుంటూరులో, బెజవాడలో, రాజమండ్రిలో, విశాఖపట్నంలో, కడపలో, అనంతపురంలో ఉండేవాళ్ళు. అచ్చయిన చోటికీ, చదివిన చోటికీ మధ్య ఒక రాత్రి రైలు ప్రయాణమంత దూరం. ఆ దూరమే ఆ పత్రికను పెంచింది, ఆ దూరమే చివరికి దాన్ని దెబ్బతీసింది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది అదే.

మద్రాసే ఎందుకు అని విద్యార్థులు అడగవచ్చు. ఆనాడు తెలుగు జిల్లాలు కూడా కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికి హైకోర్టు, విశ్వవిద్యాలయం, సెక్రటేరియట్, పెద్ద ముద్రణాలయాలు అన్నీ అక్కడే. తొలినాటి తెలుగు పత్రికలు వెలువడింది కూడా ఎక్కువగా అక్కడే. వర్తమాన తరంగిణి 1842లో మద్రాసు నుంచే వెలువడింది. వావిళ్ళవారి ముద్రణాలయం ఉన్నది మద్రాసులోనే. ఇంగ్లీషు పత్రికారంగంలోనూ మనవాళ్ళ చెయ్యి ఉంది. 1878 సెప్టెంబరు 20న ఆరుగురు యువకులు ఒక రూపాయి పన్నెండణాలు అప్పు చేసి, ఎనభై ప్రతులు అచ్చువేసి ది హిందూ పత్రికను మొదలుపెట్టారు. ఆ ఆరుగురిలో న్యాపతి సుబ్బారావు పంతులు ఒకరు. ఆయన తర్వాత రాజమండ్రిలో పెద్ద న్యాయవాది, ప్రజానాయకుడు అయ్యారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్ళీ వస్తుంది.

ఇక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1867లో కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టారు. బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి చేరి, అక్కడ 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. సంగీత సభల్లో జనానికి ఉచితంగా పంచి దానికి పేరు తెచ్చారు. 1907లో సూరత్ కాంగ్రెసుకు వెళ్ళారు. అతివాదులు, మితవాదులు విడిపోయిన సభ అది. అక్కడ జరుగుతున్నది ఆంధ్రదేశంలోని మామూలు మనిషికి తెలిసే దారి లేదన్న బాధ ఆయనను పట్టుకుంది. 1908 సెప్టెంబరు 9న బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించారు.

ఆ తేదీని కాస్త పరిశీలించండి. అదే బొంబాయిలో జూలై 22న బాలగంగాధర తిలక్‌కు రాజద్రోహ నేరం కింద ఆరేళ్ళ శిక్ష పడింది. నేరం ఏమిటంటే తన పత్రికలో వ్యాసాలు రాయడం. ఇటు బెజవాడలో స్వరాజ్య పత్రిక రాతలకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు అదే ఏడాది జైలుపాలయ్యారు. పత్రికలు పెట్టినవాళ్ళు జైళ్ళకు పోతున్న రోజుల్లో, బాగా సాగుతున్న వ్యాపారం చేతిలో ఉన్న మనిషి, శిక్ష పడిన రెండు నెలల లోపే, ఆ ఊళ్ళోనే పత్రిక పెట్టాడు. పంతులు గారి దానగుణం గురించి చాలామంది చెబుతారు. ఆయన ధైర్యం గురించి అంతగా చెప్పరు. అది నాకు లోటుగానే తోస్తుంది.

బొంబాయి నుంచి తెలుగు వారపత్రిక నడపడం సాధ్యమే కాని, దినపత్రిక నడపడం సాధ్యం కాదు. ఈలోగా ఆంధ్రదేశంలో గాలి మారింది. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం కావాలన్న మాట బాహాటంగా వినపడసాగింది. పంతులు గారు పత్రికను మద్రాసుకు తరలించి, 1914 ఏప్రిల్ 1న దినపత్రికగా ప్రారంభించారు. అంతకుముందు తెలుగులో దినపత్రిక ప్రయత్నాలు జరగలేదని కాదు, అవి నిలవలేదు. దశాబ్దాలపాటు నిలబడినది ఇదే. సరిగ్గా అదే ఏప్రిల్ నెలలో బెజవాడలో రెండో ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షులు న్యాపతి సుబ్బారావు పంతులు. ముప్పై ఆరేళ్ళ కిందట మద్రాసులో ఇంగ్లీషు పత్రికకు పురుడు పోసినవారిలో ఒకరు, తెలుగు దినపత్రిక పుట్టిన నెలలోనే తెలుగు రాష్ట్రం అడిగే సభకు పెద్దగా కూర్చున్నారు. ఆ రాష్ట్రం మద్రాసు నుంచి విడిపోవడానికి ఇంకా ముప్పై తొమ్మిదేళ్ళు పడుతుందని ఆనాడు ఎవరూ ఊహించి ఉండరు.

పత్రిక మొదలైన నాలుగు నెలలకే ప్రపంచయుద్ధం వచ్చింది. యుద్ధం ఎక్కడో ఐరోపాలో అనుకున్నారు. సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర వేళ జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు రేవు ముందుకొచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుళ్ళు కురిపించింది. ట్యాంకులు అంటుకుని తగలబడ్డాయి. హైకోర్టు ఆవరణకూ గుండు తగిలింది. ఆ సంగతి చెప్పే పలక ఇప్పటికీ అక్కడి గోడకు ఉంది. జనం వేలకొద్దీ ఊరు విడిచిపోయారు. బాపట్లలోనో, ఏలూరులోనో ఉండి కొడుకును మద్రాసుకు చదువుకు పంపిన తండ్రిని ఒక్కసారి తలచుకోండి. అంతకుముందైతే ఉత్తరం వచ్చేదాకా ఆగాలి. లేదా ఇంగ్లీషు వచ్చిన వకీలు గారు పత్రిక చదివి ఏం జరిగిందో చెప్పాలి. ఇప్పుడు తన భాషలో, తానే చదువుకునే వీలు వచ్చింది. ఆరు నెలలైనా నిండని పత్రికకు తాను ఎందుకు పుట్టిందో చూపించుకునే సందర్భం అది.

తెలుగు దినపత్రిక తయారు కావడం ఆ రోజుల్లో ఎంత కష్టమో ఇప్పటివాళ్ళకు తెలియదు. ఆంధ్రపత్రిక సంచికల మీద చిరునామా తంబుచెట్టి వీధి అని ఉంటుంది. జార్జిటౌన్‌లో, రేవుకు, హైకోర్టుకు దగ్గరలో ఉన్న వీధి. వార్తలు తంతి ద్వారా వచ్చేవి, ఇంగ్లీషులో వచ్చేవి. తంతి భాషలో సహాయక క్రియలుండవు, విభక్తులుండవు, డబ్బు ఆదాకోసం సగం మాటలే ఉంటాయి. ఉపసంపాదకుడు ముందు ఆ ముక్కలను కలిపి అర్థం పట్టుకోవాలి, ఆ తర్వాత తెలుగు చెయ్యాలి. పార్లమెంటు చర్చ, యుద్ధరంగం, బడ్జెట్టు, అన్నిటికీ గంటల్లో తెలుగు మాటలు పుట్టించాలి. ఈ కొత్త మాటలన్నిటికీ సరిపోయే నిఘంటువు లేదు. ఇవాళ మనం పత్రికల్లో అలవోకగా చదివే మాటల్లో ఎన్నో అలా పుట్టినవే.

రాసిన కాగితం కంపోజింగు గదికి వెళుతుంది. ఇంగ్లీషు కంపోజిటరుకు ఇరవై ఆరు అక్షరాలు, వాటి పెద్ద రూపాలు, అంకెలు, గుర్తులు. తెలుగు కంపోజిటరు ముందున్న కేసుల్లో వందలకొద్దీ గళ్ళు. ప్రతి హల్లుకు గుణింతాలు, వాటికి తోడు వత్తులు. "రాష్ట్రం" అన్న ఒక్క మాట చూడండి. రెండో అక్షరంలో షకారం కింద టకారం, దానికి మళ్ళీ రేఫం. ఆ సీసం ముక్కలన్నీ ఏ గడిలో ఉన్నాయో చెయ్యికి తెలియాలి, కన్ను వెతికితే ఆలస్యం. పైగా అక్షరాలు తిరగేసి ఉంటాయి. స్టిక్కు అనే చేతిపట్టీలో వరస పేర్చి, గ్యాలీ అనే పొడవాటి పళ్ళెంలోకి మార్చి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, పేజీ కట్టాలి. అచ్చు అయ్యాక ఆ ముక్కలన్నీ మళ్ళీ ఏ గడిలోవి ఆ గడిలో పడాలి, లేకపోతే మర్నాటి పత్రికకు టైపు ఉండదు. వారానికొకసారైతే సరే, ఏడాది పొడవునా రోజూ ఇదే పని. పంతులు గారి పేరు మనకు తెలుసు. ఆ గదిలో నిలబడి చూపు పోగొట్టుకున్న కంపోజిటర్ల పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ లేవు.

ఇంత చేసి అచ్చువేసిన కట్టలు రైలెక్కాలి. 1893లో బెజవాడ దగ్గర కృష్ణ మీద, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు వంతెనలు పడకపోయి ఉంటే మద్రాసు నుంచి తెలుగు దినపత్రిక అన్న ఆలోచనకే తావులేదు. మద్రాసు నుంచి బెజవాడ 430 కిలోమీటర్లు, విశాఖపట్నం దాదాపు 780. రైలు దాటిన ఊళ్ళలో కట్టలు దింపుకుంటూ పోవాలి. స్టేషనుకు దూరంగా ఉన్న పల్లెకు అక్కడినుంచి తపాలా బంట్రోతు మోసుకెళ్ళాలి. కొన్ని ఊళ్ళకు మర్నాడు, కొన్నిటికి ఇంకా ఆలస్యంగా చేరేది. చేరాక ఒక్కరు చదివి పక్కన పెట్టేవారు కాదు. గ్రంథాలయంలోనో, అరుగు మీదో ఒకరు పైకి చదివితే పదిమంది వినేవారు. గ్రంథాలయోద్యమం, దినపత్రిక చెట్టాపట్టాలేసుకుని నడిచాయంటే కారణం ఇదే. గ్రంథాలయం లేని పల్లెలో పత్రికకు పాఠకుడు లేడు, పత్రిక రాని గ్రంథాలయానికి రోజూ వచ్చే మనిషి లేడు.

ఇప్పుడు నా అసలు అభిప్రాయం చెబుతాను. ఈ దూరాన్ని చాలామంది లోపంగా చూస్తారు. మొదటి నలభై ఏళ్ళూ అది లోపం కాదు, బలం అని నేను నమ్ముతాను. ఆంధ్రపత్రిక బెజవాడలో పుట్టి ఉంటే బెజవాడ పత్రిక అయ్యేది, గుంటూరువాళ్ళు తమకొకటి పెట్టుకునేవారు. మద్రాసులో పుట్టడం వల్ల అది ఏ జిల్లాకూ సొంతం కాలేదు. గంజాం పాఠకుడూ, బళ్ళారి పాఠకుడూ ఒకే పేజీ చదివారు. కడపలో కరువు సంగతి శ్రీకాకుళంలో తెలిసింది, గోదావరి వరదల సంగతి అనంతపురంలో తెలిసింది. తెలుగు జిల్లాలన్నీ ఒకే దేశం అన్న ఊహ సభల తీర్మానాలతోనే రాలేదు. ఒకే పత్రికను రోజూ చదివిన అలవాటు దానికి పునాది వేసింది. ఇవాళ జిల్లాకొక అనుబంధం వచ్చాక పక్క జిల్లాలో ఏం జరిగిందో మనకు తెలియడం మానేసింది. అది నాకు నిజంగా దిగులు కలిగించే విషయం.

దూరం వల్ల రాతకూ ఒక స్వభావం వచ్చింది. ఆలస్యంగా చేరే పత్రికకు తొందర వార్త పనికిరాదు. అందుకే పూర్తి ఉపన్యాసాలు, నిడివైన సంపాదకీయాలు, పుస్తక సమీక్షలు. సంవత్సరాదికి ప్రత్యేక సంచిక వేసేవారు. వ్యాసాలు, పద్యాలు, చరిత్ర పరిశోధనలు, వర్ణచిత్రాలు ఉండేవి. పరిశోధకులు ఇప్పటికీ ఆ సంచికలను వెతుక్కుంటారు. దాని వెనకే 1924 జనవరిలో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్రగ్రంథమాల. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో పోయాక ఆగిపోయిన విజ్ఞానసర్వస్వం పనిని కూడా పంతులు గారే నెత్తికెత్తుకున్నారు.

ఇంత పనికి డబ్బెక్కడిది? అమృతాంజనం నుంచి. ఇది చిన్న విషయం కాదు. 1910 ప్రెస్ చట్టం కింద కొత్తగా ముద్రణాలయం పెట్టేవారి నుంచి 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు అడిగే అధికారం ప్రభుత్వానికి ఉండేది. ప్రభుత్వానికి నచ్చనిది అచ్చయితే ఆ డబ్బు జప్తు. ఆ చట్టం ఎన్నో చిన్న పత్రికలను మింగేసింది. తలనొప్పి మందు సీసా అమ్మి సంపాదించిన రూపాయి వెనక లేకపోతే ఆంధ్రపత్రికకూ అదే గతి పట్టేది. ఏ ఇంగ్లీషు కంపెనీ ప్రకటన ఆగిపోతుందో అని భయపడాల్సిన అవసరం దానికి లేకపోయింది. స్వరాజ్యోద్యమంలో పత్రిక కాంగ్రెసు పక్షాన నిలబడింది. పంతులు గారు ఉప్పు సత్యాగ్రహ కాలంలో, అరవై దాటిన వయసులో జైలుకు వెళ్ళారు. జనం ఆయనను దేశోద్ధారక అన్నారంటే ఊరికే అనలేదు.

1937 నవంబరు 16న మైలాపూరులోని ఆయన ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. నీటిపారుదలలో సీమకు ప్రాధాన్యం, అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, రాజధాని, హైకోర్టులలో ఒకటి సీమకు. ఒకరినొకరు అనుమానించుకుంటున్న రెండు ప్రాంతాలవాళ్ళకు కలిసి కూర్చునే చోటు ఒక పత్రికాధిపతి ఇల్లయింది. ఎందుకయింది? ఆ పత్రిక ఏ ఒక్క ప్రాంతానిదీ కాదు కనుక. ఐదు నెలలు తిరక్కుండానే, 1938 ఏప్రిల్ 11న పంతులు గారు కన్నుమూశారు. పత్రిక బాధ్యత అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారి మీద పడింది. 1972లో ఆయన చనిపోయేదాకా ఆయనే మోశారు. ఆ తర్వాత శివలెంక రాధాకృష్ణ గారు.

పంతులు గారు పోయిన ఏడాదే, ఆగస్టు 15న, అదే మద్రాసులో ఆంధ్రప్రభ వచ్చింది. వెనక రామ్‌నాథ్ గోయెంకా, ఎక్స్‌ప్రెస్ సంస్థ. మొదటి సంపాదకులు ఖాసా సుబ్బారావు. 1942లో నార్ల వెంకటేశ్వరరావు గారు సంపాదకులయ్యాక ఆ పత్రిక భాష నిప్పులా మండింది. చిన్న వాక్యాలు, వ్యావహారికం, ఎవరినీ లెక్కచెయ్యని సంపాదకీయం. అప్పటికే తాపీ ధర్మారావు గారు జనవాణిలో పత్రికాభాషను జనం భాష దగ్గరికి తెచ్చి చూపించారు. ఆంధ్రపత్రిక మాత్రం తన పాత గౌరవభాషను నెమ్మదిగా, అయిష్టంగా వదిలింది. యువ పాఠకులు అటు జరిగారు. ఆంధ్రపత్రిక మీద ఎంత అభిమానమున్నా ఈ విషయంలో నార్ల గారిదే సరైన దారి అని నేను అంటాను.

ఇక దూరం ఎదురుతిరిగిన ఘట్టం. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట నిరాహారదీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. మద్రాసు నగరం అటే ఉండిపోయింది. ఆంధ్రపత్రిక పుట్టినప్పటి నుంచి అడిగిన రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజునే పత్రిక అచ్చయ్యే ఊరు పొరుగు రాష్ట్రమైపోయింది. మంత్రులు, శాసనసభ, సచివాలయం కర్నూలుకు, 1956 తర్వాత హైదరాబాదుకు పోయాయి. వార్త పుట్టేచోటూ దూరమే, చదివేచోటూ దూరమే. ఇక మద్రాసులో ఉండి చేసేదేమిటి?

అప్పటికే 1952లో విశాలాంధ్ర దినపత్రిక విజయవాడ నుంచి వస్తోంది. 1959లో మద్రాసులో సమ్మె జరిగాక ఆంధ్రప్రభ విజయవాడకు మారింది. 1960 జూలై 1న నార్ల గారి సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి అక్కడే పుట్టింది. ఆంధ్రపత్రిక దినపత్రిక కూడా 1960ల్లో విజయవాడ చేరింది, ఆ తర్వాత హైదరాబాదుకూ వెళ్ళింది. కాని చివరగా వచ్చినవాళ్ళకు సర్దుకునే చోటు తక్కువ. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖపట్నంలో మొదలైంది. విజయవాడ పత్రికలు రైల్లో వచ్చి మధ్యాహ్నానికి చేరే ఊళ్ళో, తెల్లవారకముందే గుమ్మంలో పడే పత్రిక అది. ఒకప్పుడు మర్నాటిదాకా ఓపికపట్టిన పాఠకుడు ఇప్పుడు కాఫీవేళ దాకా కూడా ఆగనన్నాడు. అతన్ని తప్పుపట్టలేం. ఊరికొక ముద్రణాలయం పెట్టడానికి కావలసిన పెట్టుబడి పాత సంస్థ దగ్గర లేదు. 1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయింది, భారతి కూడా ఆ ఏడాదే ఆగింది. ఎనభై మూడేళ్ళు.

ఇంకో మాట చెప్పి ముగిస్తాను, ఇది విన్నపం. పాత సంచికలు కొన్ని డిజిటల్ రూపంలోకి వచ్చాయి. ప్రెస్ అకాడమీ చేసిన పని అది, వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం. అయినా మధ్యలో ఖాళీలున్నాయి, కొన్ని పేజీలు చదవలేనంత మసకగా ఉన్నాయి. మీ ఇళ్ళలో, మీ తాతగారి పెట్టెల్లో, మూతపడిన శాఖా గ్రంథాలయాల అటకల మీద ఆంధ్రపత్రిక బైండు పుస్తకాలుంటే పాత కాగితాలవాడికి వెయ్యకండి. న్యూస్‌ప్రింటు పొడిపొడిగా రాలిపోతుంది. కట్టను మధ్యలో మడవకుండా, కింద అట్ట ఆసరా పెట్టి రెండు చేతులతో ఎత్తండి. టేపు అతికించకండి, ఎండలో పెట్టకండి. ఏ సంవత్సరం, ఏ నెల అన్నది ఒక చీటీ మీద రాసి ఈ గ్రంథాలయం బల్ల దగ్గర ఇవ్వండి. ముఖ్యంగా రెండో ప్రపంచయుద్ధం నాటి సంచికలు, 1952 అక్టోబరు నుంచి 1953 అక్టోబరు దాకా వచ్చినవి ఎవరి దగ్గరున్నా, సభ అయిపోగానే నన్ను కలవండి. నేనే మీ ఊరికి వచ్చి తీసుకెళతాను.